పద్నాలుగు గిన్నెలు

ఆ శనివారం ఉదయం వంటింట్లో ఉన్నవాళ్ళు: అమ్మ, బాపు, నేను. ఉన్నవి: నేల మీద పరిచిన పాత దుప్పటి, దాని మీద బోర్లించిన యాభై మూడు స్టీలు గిన్నెలు, కొలత టేపు, నా ల్యాప్‌టాప్, ఎవరూ తాగక చల్లారిపోయిన మూడు కప్పుల చాయ్.

బాపు బొగ్గుగని ఉద్యోగం నుంచి రిటైరై నెలన్నర. భూపాలపల్లిలో మేము ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్న క్వార్టర్ ఖాళీ చేయాలి. నా ఉద్యోగం జనగామలో. అక్కడ మేడ మీద రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాను; అమ్మా బాపూ ఇక నాతోనే ఉంటారు. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. కొలవకుండా ఏ పనీ మొదలుపెట్టలేను. కొత్త ఇంటి తలుపులు, గోడలు, అరలు కొలిచి పెట్టుకున్నాను. క్వార్టర్‌లోని ప్రతి వస్తువునూ జాబితాలోకి ఎక్కించాను. పక్కన మూడు గడులు: తీసుకెళ్ళేవి, ఇచ్చేసేవి, పారేసేవి.

మిగతా ఇల్లంతా ఒకటిన్నర రోజులో తేలిపోయింది. కూలర్ పక్కింటికి. నవారు మంచం కాటారంలో మేనమామకు. గని బూట్లను బాపే బయట పెట్టాడు, మళ్ళీ లోపలికి తెచ్చాడు, మళ్ళీ బయట పెట్టాడు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి పని ఆగింది.

కొత్త వంటింట్లో గిన్నెలకు ఒకటే అర. పొడవు నాలుగున్నర అడుగులు. ఒకదాంట్లో ఒకటి పెట్టి దొంతర్లుగా పేర్చినా ముప్పై ఆరుకు మించి పట్టవు.

మా కాలనీలో ప్రతి గిన్నె అడుగునా క్వార్టర్ నంబరు చెక్కి ఉంటుంది. కొన్న రోజే దుకాణంలో చెక్కిస్తారు. ఎందుకంటే ఇక్కడ గిన్నెలు ఒక ఇంట్లో నిలవవు. కూరో పచ్చడో వేసి ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పంపుతారు. ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఇవ్వదగినదేదో వండేదాకా అది వాళ్ళ వంటింట్లోనే ఉంటుంది. మా నంబరు 217. దుప్పటి మీదివి తిప్పి చూస్తే 217 ఉన్నవి నలభై ఒకటి. పన్నెండు వేరే ఇళ్ళవి.

"మనయి బయట ఎన్నున్నయే అమ్మా?" అని అడిగాను.

అమ్మ కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచింది. "తొమ్మిది." ఏది ఏ ఇంట్లో ఉందో, అందులో ఏం వేసి పంపిందో కూడా చెప్పింది.

"అంటే మొత్తం యాభై. అర పట్టేది ముప్పై ఆరు. పద్నాలుగు తీసెయ్యాలె."

"తీసెయ్యి. నన్ను సుత తీసెయ్యి. నేనెంత పొడుగున్ననో కొల్చినవా?"

"కొల్చే ఉంటడు, తలుపులు కొల్చినప్పుడే" అన్నాడు బాపు.

అమ్మ నవ్వలేదు. ఒక గిన్నె తీసి కొంగుతో తుడిచింది. తుడవాల్సిందేమీ లేదు దాని మీద.

"ఆడ నాకు గిన్నెల కూర పంపేటోళ్ళు ఎవరున్నరురా? నేనెవరికి పంపాలె? మొన్న ఇల్లు సూడవోతే కిందింటామె తలుపు సందులకెళ్ళి సూసి లోపటికి వోయింది. గంతే."

'ఇచ్చేసేవి' గడిలో పద్నాలుగు అని రాసుకున్నాను.

ముందు వేరే ఇళ్ళవి పన్నెండూ తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వడం కుదరదు కాబట్టి, సామాను సర్దాల్సిన అమ్మ ఆ రోజూ మరునాడూ పొయ్యి దగ్గరే ఉంది. సర్వపిండి, పెసర గారెలు, చింతచిగురు పప్పు. పంచడం నా వంతు. గిన్నె అడుగు చూడటం, నంబరు రాసుకోవడం, ఆ తలుపు తట్టడం. పదకొండు సరిగ్గా చేరాయి. పన్నెండోదాని మీద 231 అని ఉంది. ఆ ఇంటి అమ్మాయి కొంచెం ఆశ్చర్యంగా చూసి, గారెలున్న గిన్నె అందుకుంది.

అరగంటకు ఆమే మా గుమ్మంలో నిలబడింది. గిన్నె కడిగి, అడుగున రెండు చెంచాల చక్కెర వేసి తెచ్చింది.

"అన్నా, గిది మాది కాదు. మేం గీ క్వార్టర్‌కు వచ్చి రెండేండ్లే. గారెలైతే తిన్నం, ఏమనుకోకుండ్రి."

అమ్మ గిన్నె చూసి తల పట్టుకుంది. "గిది పెద్దమ్మ గిన్నె గదరా! నన్నొక్క మాట అడుగొద్దా?"

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. 231లో ఇంతకుముందు ఉన్నావిడ, అమ్మకు అందరికన్నా దగ్గరి మనిషి. ఆరేళ్ళ కిందట పెద్దనాన్న రిటైరయ్యాక వాళ్ళు మహబూబాబాద్ వెళ్ళిపోయారు. వాళ్ళ సామాను డీసీఎం వ్యానులో కదిలిన రోజు అమ్మ జ్వరంతో దవాఖానలో ఉంది. గిన్నె ఇవ్వలేకపోయింది, కనీసం ఎదురుగా నిలబడి సాగనంపలేకపోయింది. ఆ మొహమాటంతో ఫోన్లు చేయడం తగ్గించింది. తరువాత మానేసింది. ఇదంతా నాకు అప్పుడే తెలిసింది.

నేనే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అమ్మ చేతికిచ్చాను.

"అక్కా, నీ గిన్నె నా కాడనే ఉండిపాయె."

"ఎరుకనే. ఆరేండ్లాయె. ఏం వండుతున్నవే, ఇంకా ఉడుకలేదా?"

అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మరి ఒక్కనాడన్న అడుగకపోతివి."

"అడిగితే ఎవరి చేతనో బస్సుల పంపుతవు. అడుగకుంటే నువ్వే తెస్తవని సూస్తున్న. ఖాళీగ తెస్తే మాత్రం గడప తొక్కనియ్య, సూస్కో."

ఫోన్ పెట్టేశాక అమ్మ ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుంది. తరువాత నా వైపు తిరిగింది.

"బయటున్న తొమ్మిది ఎవర్నీ అడుగకు. ఉండనియ్యి. ఇంట్లయి ఎన్ని ఎక్కువైతున్నయి?"

నలభై ఒకటిలో ముప్పై ఆరు పోతే అయిదు. చెప్పాను.

"అయిదు పెద్దయి తియ్యి."

ఆ సాయంత్రం రవ్వ లడ్డూలు చేసి, అయిదు గిన్నెల్లో పెట్టి, మా గిన్నె లేని అయిదు ఇళ్ళకు తనే స్వయంగా తీసుకెళ్ళింది. ఒకటి 231కి. మేము వెళ్ళిపోతున్నామని తెలిసి, బయటున్న తొమ్మిదింటిలో నాలుగు గిన్నెలు నిండుగా తిరిగొచ్చాయి. అమ్మ వాటిలోని కూరలు మా వంట గంజుల్లోకి వంపుకుని, గిన్నెల్లో మళ్ళీ లడ్డూలు పెట్టి వాళ్ళ చేతికే ఇచ్చేసింది.

"అక్కా, మీరు పొద్దున పోతుండ్రు గద, మళ్ళ గిన్నె నాకెందుకు?" అంది పక్కింటావిడ.

"గింత వంకాయ కూరతోని నన్ను సాగదోలుదామనుకుంటున్నవా? జనగామకు తెచ్చియ్యి. బస్సులు లేవా?"

"కూలర్ ఇచ్చింది సాలదా అక్కా!"

"కూలర్ నీకే. గిన్నె నాది."

జాబితాలో ఒక గడి పేరు మార్చాల్సి వచ్చింది. 'ఇచ్చేసేవి' బదులు, గిన్నెల వరకు, 'బయట ఉన్నవి' అని రాశాను. అంకె అదే, పద్నాలుగు.

సోమవారం డీసీఎంలో సామానంతా వెనక వెళ్ళింది. 231 గిన్నె మాత్రం అమ్మ ఒళ్ళోనే జనగామ చేరింది. తరువాతి ఆదివారం అందులో తీపి గర్జెలు నింపుకుని రైల్లో మహబూబాబాద్ వెళ్ళాం. పెద్దమ్మ గుమ్మంలోనే మూత తీసి చూసి, ఒకటి కొరికి, అప్పుడు అమ్మను పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. వచ్చేటప్పుడు ఇంకో గిన్నెలో చింతకాయ తొక్కు పెట్టి ఇచ్చింది. దాని అడుగున కూడా 231. వద్దని అమ్మ ఒక్క మాట అనలేదు. అది అరలో పట్టక ఫ్రిజ్ మీద ఉంది.

జనగామలో మొదటి మూడు నెలలూ మా మెట్లు ఎవరూ ఎక్కలేదు. అమ్మ మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చునేది. బాపు కూరలు బాగున్నాయని రెండు పూటలా చెప్పేవాడు.

నాలుగో నెలలో ఒక పొద్దున మెట్ల మీద మాటలు వినిపించాయి. చూస్తే 231 అమ్మాయి. చుట్టాల పెళ్ళికి జనగామ వచ్చిందట. చేతిలో మా గిన్నె, అందులో మక్క గారెలు. ఇల్లు తెలియక అడిగితే కిందింటావిడ వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"గింత దూరం గారెలు మోసుకొచ్చిందా మీకోసం?" అంది.

"రా చెల్లె, లోపటికి రా" అంది అమ్మ.

ముగ్గురూ చాయ్ తాగారు. కిందింటావిడ వెళ్ళేటప్పుడు అమ్మ అరలోంచి ఒక గిన్నె తీసి, అందులో ఆరు గారెలు పెట్టి ఇచ్చింది.

సాయంత్రం లెక్క చూసుకున్నాను. అరలో ముప్పై ఆరు. బయట పద్నాలుగు.