ఒగ్గీ బావా

లిఫ్టు ఆగిన ప్రతిసారీ నాకాయనే గుర్తొస్తాడు. అప్పట్లో మా కూర్మన్నపాలెం అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు. పొట్ట తగ్గుతుందని ఆటోనగర్‌లో ఓ పాత షెడ్డులో పెట్టిన పాడెల్ శిక్షణ శిబిరంలో చేరి, తోడుకి నన్నూ లాక్కెళ్లాడు. టెన్నిస్ లాంటి ఆటే, కాకపోతే కోర్టు చుట్టూ అద్దాల గోడలుంటాయి.

మొదటిరోజే కోచ్ ఒక కిటుకు చెప్పాడు. బంతి వేగంగా వస్తే కంగారుపడి మీద పడొద్దు. నేల మీద ఒకసారి పడి, వెనక గోడకి తగిలి తిరిగొచ్చేదాకా ఆగి, మళ్లీ నేల తాకేలోపు కొట్టాలి. మా అధ్యక్షుడికి అందులో ఆగడం వరకే చెవికెక్కింది. ఆయన పరిపాలనకి అది చాలు.

లిఫ్టు ఆగిపోయిందని చెబితే, బ్యాటు పట్టినట్టు చెయ్యి వెనక్కి తీసి, వదిలెయ్యమన్నట్టు, "ఒగ్గీ బావా, గోడకి తగిలి అదే వత్తాది" అనేవాడు. నీళ్ల మోటారు కాలిపోయినా అదే చెయ్యి, అదే మాట. మేం బిందెలతో మెట్లెక్కేవాళ్లం.

శిబిరం చివర పోటీ పెట్టారు. ఆయనా నేనూ ఒక జట్టుగా ఫైనల్‌దాకా వచ్చాం. ఆఖరి పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్లదే. బంతి ఆయన వైపే వచ్చింది. "కొట్టు బావా!" అని అరిచాను. ఆయన పక్కకి తప్పుకుని, చెయ్యి వెనక్కి తీసి, మునిలా నిలబడ్డాడు. బంతి నేల మీద పడి, గోడకి తగిలి, బుద్ధిగా తిరిగొచ్చి, ఆయన కాళ్ల ముందే మళ్లీ నేలను తాకింది. అవతలి జట్టు గెంతులేసింది.

ఆయన నావైపు తిరిగి, కప్పు గెలిచినవాడిలా నవ్వాడు.

"సూసేవా బావా, నాను సెప్పలేదేటి? వచ్చీసింది!"