గీతకు అవతలి పీట

మొన్న సోమవారం ప్యానెళ్ళు కడిగే నీళ్ళ ట్రాక్టరు మా గేటు దాటి లోపలికి వస్తుంటే కాలిన బ్రేకుల వాసన గుప్పుమంది. రాయచెర్లు దగ్గరి ఈ సోలార్ పార్కులో ఎండిన గడ్డి, దుమ్ము, వేడెక్కిన కేబుళ్ళ వాసన తప్ప మరొకటి ముక్కుకు తగలదు. ఆ వాసన వస్తే చాలు, ఇప్పటికీ నా కుడికాలు దానంతట అదే బిగుసుకుంటుంది. డ్రైవరు మల్లేశిని కిందికి దిగమన్నాను. వెనక ట్యాంకరు నిండా నీళ్ళున్నాయి, ముందంతా వాలు, వరుసల మధ్య గడ్డి పీకే ఆడవాళ్ళున్నారు, బ్రేకులు బాగు చేయించి నాకు చూపించేదాకా ఈ బండి కదలడానికి వీల్లేదని చెప్పాను. "చూపించేదంటే ఎట్ల మేడమ్?" అన్నాడతను. నేను నా గది మూలలో ఉన్న ఇనుప పీట వైపు చూశాను. ఆ పీట తిప్పేస్వామి మామది. ఆయన నాకు బంధువేమీ కాదు, మెకానిక్కు. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు, ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నాగలమడికలో పినాకిని ఒడ్డున, కొత్త వంతెన కట్టాక ఎవరూ వాడని పాత దారి పక్కన ఆయన రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లు, శనక్కాయలు కొట్టే మిషన్లు, మోటారు సైకిళ్ళు, ఏది చెడినా అక్కడికే పోయేది. అరవై దాటిన మనిషి, సన్నగా, మోకాళ్ళ పైకి మడిచి కట్టిన పంచెతో ఎప్పుడూ ఏదో ఒక బండి కింద ఉండేవాడు. మాట చాలా తక్కువ. ఆయన అలవాటు ఒకటి చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఏ బండికి బ్రేకులు చేసినా, ఆ పాత దారి వాలు మీద, ఏటి ఇసుక మొదలయ్యే చోటికి కాస్త ఎగువన సున్నంతో అడ్డంగా ఒక గీత గీసేవాడు. గీతకు అవతల పదడుగుల దూరంలో ఈ పీట వేసుకుని, దిగి వచ్చే బండికి ఎదురుగా కూర్చునేవాడు. బండి యజమాని పై నుంచి మూడుసార్లు రావాలి. మొదట మెల్లగా, తర్వాత కొంచెం జోరుగా, మూడోసారి గట్టి వేగంతో, కారైతే అరవై. మూడుసార్లూ గీత దగ్గర ఆగితేనే పని అయినట్టు లెక్క. పిచ్చి ముసలోడని నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, కానీ బ్రేకులకు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

నేను ఆయన దగ్గరికి పోయింది పెద్ద పిచ్చితోనే. పార్కుకు భూమి కౌలుకిచ్చిన మొదటి ఏడాది, వచ్చిన డబ్బుతో మా నాన్న సరదాపడి పాత చిన్న కారొకటి కొన్నాడు. నడపడం ఆయనకు రాదు, నేర్చుకోనూ లేదు. ఆ కారు గొర్రెల దొడ్డి పక్కన ఏళ్ళ తరబడి నిలబడిపోయింది, వెనక సీటులో కోళ్ళు పొదిగాయి. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, డిప్లొమా చదివి ఇదే పార్కులో ఎలక్ట్రికల్ పని చూస్తున్నాను. ఒకసారి ట్రైనింగుకు బెంగళూరు పోయినప్పుడు తోటి ఉద్యోగి ఒకామె నన్ను ట్రాక్ డేకి తీసుకుపోయింది. పందెం, బహుమతి ఏమీ ఉండవు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, రేసు ట్రాక్ మీద మనసు తీరా నడుపుకునే రోజది. ఆమె పక్కన కూర్చుని రెండు చుట్లు తిరిగాను, అంతే. ఊరికి వచ్చి కోళ్ళను లేపి, కారును ట్రాక్టరుకు కట్టి నాగలమడికకు లాక్కుపోయాను.

దీన్ని రేసు కారు చెయ్యాలి మామా అంటే ఆయన నవ్వలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలను కాలితో తట్టి చూసి, "పరిగెత్తాలనా, నిలబడాలనా?" అని అడిగాడు. పరిగెత్తాలన్నాను. "పరిగెత్తేది ఏ బండైనా పరిగెత్తుతాది పాపా. వాలులో తోస్తే రాయి కూడా పరిగెత్తుతాది," అని లోపలికి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. మొదట్నుంచీ నేను అంత ఓపిక గల మనిషిని కాను. మరుసటి ఆదివారం బెంగళూరు నుంచి తెప్పించిన పెద్ద సైలెన్సరు పట్టుకుని పోయాను, పెడితే కారు పులిలా గర్జిస్తుందని ఆశ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, షెడ్డు గోడకు రెండు మేకులు కొట్టి తగిలించాడు. చివరిదాకా అది అక్కడే ఉంది. దాని మీద ఆయన తువ్వాలు ఆరేసుకునేవాడు.

నాలుగు నెలల ఆదివారాలు ఆ షెడ్డులో గడిచాయి. తక్కువ ఖర్చుతో ట్రాక్ కారు చేయాలంటే కొనడం కంటే తీసేయడమే ఎక్కువని అక్కడ తెలిసింది. వెనక సీట్లు, రేడియో, కింది పరుపులు, తలుపుల అట్టలు అన్నీ పీకేశాం. ఇంజను జోలికి పోనివ్వలేదు, ఆయిలు మార్చి, గొట్టాలు చూసి వదిలేశాం. ఉన్న డబ్బంతా టైర్లకు, బెల్టుకు, హెల్మెట్టుకు, అన్నిటికంటే ముందు బ్రేకులకు. బ్రేకుల పని మాత్రం ఆయన ముట్టుకోలేదు. ఎలా విప్పాలో, ఎలా బిగించాలో, పైపుల్లోని గాలి ఎలా తీయాలో వేరే బండి మీద చేసి చూపించాడు. నా కారుకు నన్నే చేయమన్నాడు. చేశాక ఒకసారి చూడు మామా అని ఎన్నిసార్లు బతిమాలానో. "నేను చూస్తే నువ్వు చూడవు," అనేవాడు, అంతే. చూడకుండానే పీట మీద కూర్చుంటావా అంటే తల ఊపాడు. అంతవరకూ ఆయన తన పనికి ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు నా పనికి ఎదురుగా కూర్చోబోతున్నాడు. ఆ తేడా నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు.

ట్రాక్ డేకి పేరిచ్చాను, సెలవు పెట్టాను, ఊరంతా చెప్పుకున్నాను. ఇంకా ఆరు రోజులు ఉందనగా ముందు చక్రాల కొత్త బ్రేకు పైపులు వచ్చాయి. రబ్బరుతో చేసిన జానెడు ముక్కలవి, చక్రానికి ఒకటి. కుడిది సరిపోయింది. ఎడమదాని మర వేరే, ఎక్కలేదు. మార్చి పంపడానికి పది రోజులు పడుతుందన్నారు. పాత పైపు చేతిలోకి తీసుకుని వంచి చూశాను. వంపు దగ్గర గోరంత పగులు కనిపించింది. ఇన్నేళ్ళూ కారలేదు కదా, ఇంకొక్క వారం కారదులే అనుకున్నాను. గుడ్డతో తుడిచాను, నల్లగా కొత్తదానిలాగే మెరిసింది. బిగించేశాను. ఆదివారం ఆయన సున్నం డబ్బా పట్టుకుని వచ్చి, "అన్నీ అయినాయా పాపా?" అని అడిగాడు. అయినాయి మామా అన్నాను. ఆయన నా ముఖం కూడా చూడలేదు, పీట భుజాన వేసుకుని వాలు దిగిపోయాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. మొదటిసారి మెల్లగా దిగాను, గీతకు జానెడు ముందే కారు ఆగింది. రెండోసారి జోరు పెంచాను, గీత మీద ఆగింది. పెడల్ ఒక వేలంత కిందికి దిగినట్టు అనిపించింది కానీ, కాలు సరిగా ఆనలేదనుకున్నాను, అనుకోవాలనుకున్నాను. మూడోసారి కారు వెనక్కి తిప్పుకుని వాలు మీదికి పోయాక దిగువకు చూశాను. ఎండలో తెల్లటి గీత, దాని వెనక ఆ మనిషి. చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. రమ్మని చెయ్యి ఊపాడు.

కదిలాను. ముప్పై, నలభై, యాభై. బ్రేకు తొక్కాల్సిన గుర్తు ఒక కరెంటు స్తంభం. అది దగ్గరయ్యేకొద్దీ గోరంత పగులు నా కళ్ళ ముందు పెద్దదయింది. అరవై. స్తంభం వచ్చింది. తొక్కడానికి కాలు లేచింది కానీ, ఆయన ఎదురుగా ఉండగా తొక్కలేకపోయాను. తొక్కినా అది నిలబడకపోతే ఆపడానికి ఆయన ఒళ్ళు తప్ప మధ్యలో ఏమీ లేదు. స్టీరింగు ఎడమకు కోసేశాను. కారు దారి దిగి కంపచెట్ల వైపు మళ్ళాక అప్పుడు తొక్కాను. పెడల్ మొదట గట్టిగా తగిలింది, వెంటనే మెత్తబడి నేలదాకా దిగిపోయింది. కంప విరిగిన చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు. తర్వాత బ్రేకు ఆయిలు వాసన. చక్రాల గుర్తులు తర్వాత చూశాను. నేరుగా వచ్చి ఉంటే కారు ఆ పీటను దాటి ఇసుకలోకి పోయేది.

ఆయన చెప్పుల్లేకుండానే ముళ్ళలోకి నడిచి వచ్చాడు. దెబ్బ తగిలిందా అని అడిగాడు. లేదన్నాను. బెల్టు విప్పి నన్ను బయటికి లాగి, నేను నిలబడ్డానని చూసుకున్నాక అడిగాడు.

"ఏది చెయ్యలేదు?"

ఏమయింది అని అడగలేదు, అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఎడమ పైపు అన్నాను. పగులు చూశావా అంటే చూశానన్నాను. ఏడుపు కూడా రాలేదు, అంత సిగ్గుగా ఉంది. ఆయన దారి అంచున కూర్చుని బీడీ తీశాడు. మూడు పుల్లలు వేళ్ళలోనే విరిగాయి, బీడీ వెలగలేదు. ఇన్నేళ్ళుగా ఆయనకు భయం లేదని ఊరంతా అనుకునేది, నేనూ అనుకున్నాను. నీకు భయమవుతుందా మామా అని అడిగాను.

"కాకుండా ఎట్లుంటాది పాపా? పీట ఎక్కిన ప్రతిసారీ అయితాది. ఆ భయం ఈడ నేను పడకుంటే దావలో పొయ్యేవాళ్ళు పడాల."

ఆ రోజే మిగతాది కూడా చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు శనక్కాయల కూలీలను తిప్పే ఒక టెంపోకు బ్రేకులు చేశాడట. డ్రైవరు తొందరపెడితే ఒక బోల్టును తర్వాత చూద్దాంలే అని వదిలేసి పంపించి, తాను టీ తాగడానికి పోయాడట. నిడుగల్లు కొండ కింది మలుపులో టెంపో బోల్తా పడింది. దారి పక్కన గొర్రెలు కాసుకునే ఒకతనికి కాలు పోయింది. తప్పెవరిదని ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆ బోల్టు సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి. కర్ర ఊతంతో మంద వెనక నడిచే అతన్ని సంతలో చూసినప్పుడల్లా తనకు మాత్రం తెలిసేదన్నాడు. చెప్పి, పంచె దులుపుకుని లేచాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కోపం తెచ్చుకుని బతికిపోయేదాన్ని.

ట్రాక్ డే తప్పిపోయింది. రెండు వారాలు నేను నాగలమడిక వైపే పోలేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు జ్వరమని చెప్పాను. కారు గురించి కాదు నా దిగులు. నా పనికి ఎదురుగా ఆయన మళ్ళీ కూర్చుంటాడా? కూర్చోకపోతే ఆయన తప్పేముంది? ఆ ఆలోచనతో అన్నం సయించలేదు. చివరికి ఒక ఆదివారం ధైర్యం చేసి పోయాను. కారును కంపలోంచి లాగించి షెడ్డులో దిమ్మెల మీద నిలబెట్టి ఉన్నాడు. చినిగిన పైపు అలాగే వేలాడుతోంది. ఆయన ఒక్క మర కూడా ముట్టుకోలేదు. నా స్పానర్లు తుడిచి డ్రైవరు సీటులో పెట్టాడు.

నాలుగు చక్రాలూ మొదటి నుంచి విప్పాను, మార్చి పంపిన కొత్త ఎడమ పైపు వేశాను. చేసిందే మళ్ళీ చేశాను, చూసిందే మళ్ళీ చూశాను. ఎవరూ అడగకుండానే రెండుసార్లు విప్పి బిగించాను. మూడు ఆదివారాలు పట్టింది. అయింది మామా అని చెప్పాను. ఆయన సున్నం గీత గీశాడు, పదడుగులు కొలిచి పీట వేశాడు, కూర్చున్నాడు. నేను పైకి పోయి కారు తిప్పుకునేసరికి ఆయన లేచి నిలబడి ఉన్నాడు. పీటను చేతిలోకి తీసుకున్నాడు. ఇంటికి పోతున్నాడనుకున్నాను, పోవాల్సిందేననుకున్నాను. ఆయన గీత వైపు నడిచాడు. గీతకు రెండడుగుల దూరంలో పీట వేసి, చెప్పులు విడిచి కూర్చుని, రమ్మని చెయ్యి ఊపాడు.

మూడుసార్లూ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు బంపరుకూ ఆయన మోకాళ్ళకూ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. నేను స్టీరింగు మీద తల పెట్టి అప్పుడు ఏడ్చాను.

తర్వాతి ట్రాక్ డేకి ఆయన కూడా వచ్చాడు, పీటతో సహా. నిజం చెప్పాలంటే ఆ రోజు నన్ను దాటిపోని కారు లేదు. వంపుల్లో కారు ఒరిగిపోయేది, తిన్నని దారిలో రొప్పేది. కానీ పది చుట్లు తిరిగినా పెడల్ వేలంత కూడా దిగలేదు. నేను బయటికి వచ్చిన ప్రతిసారీ ఆయన ఒక్కో చక్రం దగ్గర వంగి చేతి వెనకవైపుతో వేడి చూసేవాడు. ఎట్లుండాది అని అడిగితే, నిలబడతా ఉండాది మామా అన్నాను. ఆయన పళ్ళన్నీ కనపడేలా నవ్వడం అదొక్కసారే చూశాను.

రెండేళ్ళ కిందట ఆయన జబ్బు చేసి పోయాడు. షెడ్డులోని ఇనుమంతా కొడుకు తూకానికి వేశాడు. ఏమైనా కావాలా అక్కా అని అడిగితే పీట తెచ్చుకున్నాను. సైలెన్సరు కూడా తీసుకుపొమ్మన్నాడు కానీ, దానికి మొహం చెల్లలేదు.

ఈ రోజు పొద్దున మల్లేశి ట్రాక్టరు తెచ్చాడు. అన్నీ కొత్తవి వేయించినాను మేడమ్ అన్నాడు. వరుసల మధ్య పనిచేసేవాళ్ళందర్నీ పక్కకు పంపించి, వాలు కింద సున్నంతో గీత గీశాను. పీట తెచ్చి గీతకు అవతల వేసి, చెప్పులు విడిచి కూర్చున్నాను. మామలాగే రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాను, భయాన్ని దాచుకోలేదు. పైన మల్లేశి సీటెక్కి ఇంజను వేశాడు. నా వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఇంజను ఆపేశాడు. అతను మెల్లగా కిందికి దిగి, తల గోక్కుంటూ నడిచి వచ్చాడు.

"ఒక్క పది నిమిషాలు మేడమ్. ఎడమ చక్రం ఒకసారి విప్పి చూసుకొని వస్తాను."

నిదానంగా చూసుకో అన్నాను. నేను మాత్రం పీట మీది నుంచి లేవలేదు.