జయశీలకు రత్నం రాసిన మొదటి మెసేజి

మా బావమరిది విజయరత్నం గొంతు బంగాళాఖాతంలో తిరిగే సగం ఓడలకు తెలుసు. విశాఖ పోర్టు సిగ్నల్ స్టేషన్‌లో కూర్చుని, వచ్చే పోయే ఓడలతో వైర్‌లెస్‌లో మాట్లాడటం అతని ఉద్యోగం. మైకు చేతిలో ఉంటే ఏ దేశపు కెప్టెన్‌కీ బెదరడు. ఆ మైకు లాగేసుకుని ఓ ఆడపిల్ల ఎదురుగా కూర్చోబెట్టండి, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నవాడైపోతాడు. ఓ పెళ్లిచూపుల్లో అయితే అమ్మాయి తండ్రితో తుఫాన్ల గురించి గంటసేపు మాట్లాడి, అమ్మాయి మొహం చూడకుండానే లేచొచ్చేశాడు మహానుభావుడు! అలా ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేశాయి. నా భార్య కేథరిన్ అతనికి అక్క. ఆవిడ ప్రార్థనలో ముందు తమ్ముడి పెళ్లి, ఆ తర్వాతే నా ఆరోగ్యం.

2004లో నాకు పూర్ణా మార్కెట్ దగ్గర నెట్ సెంటర్ ఉండేది. చాటింగ్‌కి వచ్చే కుర్రాళ్లు కనిపించిన ప్రతి అమ్మాయికీ "హాయ్, ఫ్రెండ్‌షిప్ చేస్తారా" అని కొట్టేవాళ్లు. జవాబు రాకపోతే నా కంప్యూటర్ మంచిది కాదనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది నాకు.

కేథరిన్ పోరు పడలేక, క్రైస్తవ సంబంధాల వెబ్‌సైట్ ఒకదాంట్లో రత్నం పేరు నేనే ఎక్కించాను. డ్యూటీ దిగి వచ్చి, ఎవరికీ ఏమీ రాయకుండా ఊరికే చూసి పోతుండేవాడు. ఓ రోజు తనలో తనే నవ్వుకుంటుంటే వెళ్లి చూశాను. జయశీల అట, ఊరు భీమునిపట్నం, వైజాగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అందరూ దైవభక్తి, మంచి కుటుంబం అని రాసుకునే చోట ఆవిడ, "రోజూ బస్సులో వైజాగ్ వస్తాను. కిటికీ పక్క సీటు దొరికిన రోజు ఇంకేమీ అక్కర్లేదు" అని రాసింది.

"రాస్తే ఈవిడకే రాస్తాను బావా. లేపోతే ఇంకెవరికీ రాయను," అన్నాడు రత్నం. అతను అంత గట్టిగా ఏదైనా కోరుకోవడం నేను చూడటం అదే మొదలు.

చిక్కేమిటంటే, ఆ సైట్‌లో ఒకరికి ఒక్క మెసేజే పంపనిస్తారు. అవతలివాళ్లు జవాబిస్తేనే రెండోది. ఆ ఒక్కటీ చెడితే జయశీల సంగతి అంతటితో సరి.

రత్నం బాగా ఆలోచించి, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నాకు చూపించాడు. "పేరు విజయరత్నం. ఎత్తు ఐదడుగుల ఆరు. బరువు డెబ్బై. ఇంతకుముందు ఉన్న రేవులు కాకినాడ, చెన్నై. లోపాలు: ముందు జుట్టు పల్చన, గురక. అంటురోగాలు లేవు."

నాకు నవ్వాగలేదు. రేవులోకి వచ్చే ప్రతి ఓడా ముందుగా ఇలాగే తన వివరాలన్నీ చెప్పుకోవాలి. అదే అచ్చుగుద్దేశాడు.

"పెళ్లికి రాస్తన్నావా, రేవులో బెర్తుకి రాస్తన్నావా?" అన్నాను.

"నవ్వకు బావా. ఇంజిన్ లోపం దాసిపెట్టి లోపలికొస్తే తర్వాత ఎవలికి కష్టం?" అన్నాడు మొహం ముడుచుకుని.

సరిగ్గా అప్పుడే కేథరిన్ నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. కళ్లజోడు తుడుచుకుని చదివింది.

"అంతా నీ గోలేనేట్రా? ఆ పిల్లని ఒక్క మాటైనా అడిగినావా?"

"ఏటి అడగాలే అక్కా?"

"డ్యూటీలో ఓడొస్తే ముందు ఏటంటావ్?"

"ముందు దాని పేరెట్టి పిలుత్తాను. మా స్టేషన్ పేరు సెప్తాను. ఏటి కావాలని అడిగి మైకు బటన్ వొదిలేత్తాను. వొదలకపోతే అవతలోడి మాట నాకినబడదు కదా."

"మరి ఇక్కడ వొదలవేట్రా?"

రత్నం రాసిందంతా చెరిపేశాడు. మళ్లీ మొదలుపెట్టి ఇలా రాశాడు: "జయశీల గారికి నమస్తే. నా పేరు విజయరత్నం. పోర్టులో ఓడలతో మాట్లాడే ఉద్యోగం. మీ కిటికీ సీటు సంగతి చదివి నవ్వుకున్నాను. వైజాగ్ వచ్చేటప్పుడు మీరు సముద్రం వైపు కూర్చుంటారా, కొండల వైపా?"

"ఇంతేనా! జీతం రాయి, క్వార్టర్ ఉందని రాయి!" అని మొత్తుకున్నాను. వింటేగా! పంపే ముందు మాత్రం అక్క వైపు చూశాడు. "నొక్కు నాయనా" అని కేథరిన్ భుజం మీద చెయ్యి వేసింది. నొక్కేశాడు.

మర్నాడు జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. నా చిరాకు నాది, జీతం రాయమన్నానా లేదా అని కనిపించినప్పుడల్లా దులిపేశాను. అతను వచ్చి చూసుకుని వెళ్లిపోయేవాడు. శనివారం మధ్యాహ్నం సెంటర్ ఖాళీగా ఉంది. రత్నం గుమ్మంలోనే ఆగిపోయి, "నువ్వే సూడు బావా, నాకు భయంగా ఉంది" అన్నాడు. పాపం, మొహం పీక్కుపోయింది. ఎందుకు తిట్టానురా అనిపించింది.

తెరిచాను. వచ్చింది! "ఒరే, వచ్చిందిరా!" అని నేను వేసిన కేకకు పక్క ఉల్లిపాయల కొట్టువాడు తొంగిచూశాడు.

"కొండల వైపే అండీ. పొద్దున్న సముద్రం వైపు ఎండ మొహం మీదే కొడుతుంది, వేసుకున్న పౌడరంతా కారిపోతుంది. ఇక్కడ అందరూ వాళ్ల జీతం, వాళ్ల ఇల్లు గురించే రాశారు. నన్నేదైనా అడిగింది మీరొక్కరే. నేనూ ఒకటి అడుగుతాను. రోజంతా ఓడలతో మాట్లాడతారు కదా, మీకు మాట్లాడాలనిపిస్తే ఎవరితో మాట్లాడతారు?"

రత్నం పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు. కళ్లలో నీళ్లు నిండాయి. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదికీ అతని పెళ్లి బెంగే గానీ, ఈ ప్రశ్న అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. నేను కుర్చీ లాక్కుని, "పద, రాద్దాం. ఏటి రాద్దాం?" అన్నాను.

"ఏటనుకోకు బావా, కాసేపు బైటికెళ్తావా? ఇది నానొక్కడ్నే రాయాల."

నా షాపు, నా కంప్యూటరు, నా కుర్చీ. నన్నే పొమ్మంటాడా! లేచి బయటికి వెళ్లాను. ఎండలో గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆ మధ్యాహ్నం వచ్చిన కస్టమర్లందరికీ కరెంటు లేదని చెప్పి పంపించేశాను.