పగడం ముడుచుకుపోయిన రోజులు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చి, పెళ్ళి చేసుకుని, రాజోలులో మేడ మీద అద్దె వాటాలో కాపురం పెట్టిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. ఇప్పుడు చాలా ఉన్నాయి, ఏటేటా పెరుగుతున్నాయి కూడా. అప్పటి నన్ను తలుచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, వెంటనే జాలీ వేస్తుంది. గల్ఫ్‌లో నేను స్టోరులో పనిచేసిన హోటల్లో, అతిథులు కూర్చునే హాల్లో, గోడంత గాజు తొట్టె ఉండేది. అందులో ఉప్పునీళ్ళు, పగడాలు, రంగురంగుల చేపలు. డ్యూటీ దిగాక దాని ముందు నిలబడితే ఎండా, ఒంటరితనం, మేనేజరు కేకలూ కాసేపు వెనక్కి తగ్గేవి. ఇంటికెళ్ళాక చిన్నదైనా సరే అలాంటిది ఒకటి పెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను.

పెట్టాను కూడా. తొట్టె, నీలం లైటు, నీళ్ళలో మురికిని నురగగా తీసే యంత్రం, ఈ పనికే తయారుచేసిన ఉప్పు బకెట్టు, అన్నీ హైదరాబాదు నుంచి బస్సు మీద దిగాయి. శుద్ధిచేసిన మంచినీళ్ళలో ఆ ఉప్పు కలుపుతుంటే ఇంటి ఓనరుగారు గుమ్మంలో నిలబడి చూశారు. "అంతర్వేదిలో అంత సముద్రం పెట్టుకుని, ఉప్పు కొని నీళ్ళలో కలుపుకుంటున్నారేటండీ?" అన్నారు.

"ఆయ్, అక్కడ గోదారి కలుస్తుంది కదండీ. ఉప్పు ఓరోజు ఎక్కువ, ఓరోజు తక్కువ."

"మరి మీరు కలిపితే ఎక్కువ తక్కువ అవ్వదాండీ?" అనేసి చక్కా దిగిపోయారు.

చేపలు వేయడానికి ముందు వారాల తరబడి ఉత్త నీళ్ళూ రాళ్ళే ఉంచాలి. (ఆ రాళ్ళలో చేపల మురికిని అరిగించే సూక్ష్మజీవులు పెరగాలి. వాటికి తొందరన్నది తెలియదు.) ఇంటికొచ్చినవాళ్ళు ఖాళీ తొట్టె చూసి "చేపలు పోయాయాండీ, పాపం" అని పరామర్శించి వెళ్ళేవారు. కరెంటు పోతే ఇన్వర్టరు తొట్టెకే. బళ్ళో టీచరైన మా ఆవిడ చెమట తుడుచుకుంటూ పరీక్ష పేపర్లు దిద్దుతూ, "ఏవండీ, నేను కూడా అందులో దిగి కూర్చోనా? చల్లగా ఉంటది" అనేది.

చివరికి నారింజ రంగు మీద తెల్లచారలున్న రెండు చేపలూ, అరచేతిపాటి మెత్తటి పగడమూ వచ్చాయి. పగడమంటే ఉంగరంలో రాయనుకునేవాళ్ళకి చెప్పాలి, అది ప్రాణి. ఒంట్లో బాగుంటే లెక్కలేనన్ని చిన్నచిన్న వేళ్ళు చాపి నీళ్ళలో ఊగుతుంది. బాగోలేకపోతే మూసిన గుప్పెట. అది ఊగుతుంటే నేనూ ఊగేవాణ్ణి. వీధిలో కనబడినవాళ్ళనల్లా మేడ మీదికి పిలుచుకొచ్చేవాణ్ణి. మా వైపు కాఫీ ఇవ్వకుండా మనిషిని పంపించరు. నేను దానికి తోడు చిటికెడు మేత వేసి, చేపలు పైకొచ్చి అందుకోవడం చూపించకుండా పంపేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో మా అత్తగారు సఖినేటిపల్లి రేవు దగ్గర పంటులో గోదారి దాటి, నరసాపురం నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. ఆవిడ ఎదుట ఎవరూ ఖాళీ కడుపుతో ఉండటానికి వీల్లేదు. కరెంటు రీడింగు తీసేవాడు కూడా మా ఇంట్లో టిఫిను చేసే వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న నేను లేచి వచ్చేసరికి ఆవిడ తొట్టె ముందు కుర్చీ వేసుకుని, ఇడ్లీ తుంచి నీళ్ళలో వేస్తున్నారు. "తినండమ్మా, తినండి. నోరు లేదు గాని ఆకలుండదేటి?" అంటున్నారు. వెనక పగడం ముడుచుకుపోయి ఉంది. గాజుకి పచ్చగా నాచు పట్టి ఉంది.

"అత్తయ్యగారూ!" అని అరిచాను. "ఇది చేపల తొట్టండీ, సంతర్పణ కాదు! మీ చేత్తో మీరే చంపేస్తున్నారు వాటిని!"

ఆవిడ మిగిలిన ముక్క పళ్ళెంలో పెట్టేశారు. "ఆయ్, తెలీలేదు బాబూ" అన్నారు. మధ్యాహ్నం వంట చేసి మా ఇద్దరికీ వడ్డించి, సంచీ తీసుకుని గుమ్మం దగ్గరికి నడిచారు. తినేసి వెళ్ళమని మా ఆవిడ బతిమాలింది. "ఆకల్లేదమ్మా" అన్నారు. ఎదుటివాళ్ళు ఆ మాటంటే జన్మలో నమ్మని మనిషి.

"మా అమ్మ ఈ ఇంట్లో పస్తుండి వెళ్ళింది" అంది మా ఆవిడ. ఆ తర్వాత "పాలు కాచేను", "తాళం అక్కడుంది" తప్ప ఇంకో మాట లేదు.

ఇంక తొట్టె బాగుపడిపోతుందని నా ధీమా. బాగుపడలేదు. నాచు గడ్డంలా పెరిగింది. ఒక చేప మూలకి చేరింది. పగడం గుప్పెట విప్పలేదు. నీళ్ళు మార్చాను, మళ్ళీ మార్చాను, ఉప్పు కంపెనీని తిట్టాను. ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ స్నేహితుణ్ణొకణ్ణి వెంటబెట్టుకొచ్చి, "ఇప్పుడు చూడు తమాషా" అంటూ మేత డబ్బా మూత తీశాను.

మా ఆవిడ పేపర్లలోంచి తలెత్తకుండానే అడిగింది. "ఇప్పుడు ఎవరి చేత్తోనండీ?"

మూత నా చేతిలోనే ఉండిపోయింది. అత్తగారు వేసింది ఒక్క పూట, ఒక్క ఇడ్లీ. పొద్దున్న ఒకసారి, ఓనరుగారొస్తే ఒకసారి, పాలవాడు తొంగిచూస్తే ఒకసారి వేసింది ఎవరు? (స్నేహితుడు పరిస్థితి గమనించి, కాఫీ తాగకుండానే మెట్లు దిగిపోయాడు.)

మర్నాడే పంటు ఎక్కాను. అవతలి ఒడ్డు వచ్చేదాకా క్షమాపణ వల్లించుకున్నాను. అత్తగారు గుమ్మంలోనే "రండి బాబూ, అమ్మాయి బాగుందా? కాళ్ళు కడుక్కోండి" అన్నారు. "అత్తయ్యగారూ, ఆ రోజు..." అన్నాను. "ముందు భోంచేయండి" అన్నారు. విస్తరి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూ, "మా అల్లుడుగారి చేపల్ని కూడా చల్లగా చూడు తండ్రీ" అని కలిపారు. కళ్ళు తెరిచి చేపల పులుసు వడ్డించారు. (అవి వేరే చేపలు.) తర్వాత రొయ్యల వేపుడు, పప్పు, మళ్ళీ పులుసు. తప్పు ఒప్పుకోడానికి వచ్చినవాణ్ణి, ఏ మొహంతో వద్దంటాను? "ఇంకొక్క ముద్ద బాబూ" అన్నప్పుడల్లా నోరు తెరిచాను. చివరికి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేశాను.

"ఇంక వెయ్యకండి అత్తయ్యగారూ. తప్పు నాదేనండి. మనుషులకి చూపించుకోవాలని రోజంతా మేత వేసింది నేను. అవి కూడా నాలాగే, చాలండీ అనలేవు."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేశారు. "అంటే, నా ఇడ్లీ వల్ల కాదా?"

"కొంచెం ఉందండి."

ఆవిడ పకపకా నవ్వారు. "నిజమే చెప్పేరు. అయితే వస్తాన్లెండి."

మేత తగ్గించి, నీళ్ళు కొద్దికొద్దిగా మార్చుకుంటూ కొన్నాళ్ళు ఓపిక పట్టాం. చెప్పినట్టే అత్తగారు వచ్చారు. ఆ మధ్యాహ్నం నేనే వడ్డించాను. ఆవిడ తొట్టెకి వీపు పెట్టి కూర్చున్నారు. "వాటి మొహాలు చూస్తే నాకు ముద్ద దిగదు బాబూ" అన్నారు. మా ఆవిడ నవ్వి, పెరుగు గిన్నె నా వైపు జరిపి, "అమ్మకి ఇంకొంచెం వెయ్యండి" అంది. నాతో అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది.

భోజనాలయ్యాక తలెత్తి చూస్తే పగడం వేళ్ళన్నీ చాపి నీళ్ళలో ఊగుతోంది. ఎప్పుడు విచ్చుకుందో ఎవరమూ చూడలేదు. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, అడిగితే అదంతా తన ప్రతిభే అని ఓ గంట చెప్పేవాడు. నన్నడిగితే, వాడు ఓ నాలుగు రోజులు దాని జోలికి పోకుండా ఉన్నందువల్లే అంటాను.