సూది లేని కెమెరా

ఫల్గుణ ఉన్నన్నాళ్లూ కృపావతికి పొద్దు ఒక్కలాగే తెల్లారేది. ఆమె పొయ్యి ముట్టించి చోడంబలి కలుపుతుంటే, అతను మెడకి మఫ్లరు చుట్టుకుని సూది కెమెరా పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు. ఎడమ అరచెయ్యి చాపి, దాని మీదికి కెమెరా గురిపెట్టి, కెమెరా నెత్తిన ఉన్న చిన్న అద్దంలోకి చూసేవాడు. అందులో వెంట్రుకంత సూది కదిలేది. "ఇయ్యాల ఎండకి బద్దకం," అనేవాడు. ఇంకోరోజు "గట్టిగానే ఉన్నాది, మద్దేనానికి కళ్లు సిట్లించాల" అనేవాడు. ఆ కబురు చెప్పనిదే అంబలి నోట పెట్టేవాడు కాదు. ఎండెంతుందో నాకు మాత్రం కనబడదా అని ఆమె లోపల్నించి గొణిగేది గానీ, ఆ మాట చెవిన పడకపోతే ఆమెకీ పనిలో చెయ్యి ఆడేది కాదు.

శ్రావణం వానల్లో అతను పోయాడు. జ్వరమే కదా అనుకున్నారు. ఘాట్ రోడ్డు దిగేలోపే జీపులోనే ఊపిరి ఆగిపోయింది. ఇప్పుడు ఆమె ఒక్క గిన్నెకే అంబలి కలుపుకుంటుంది. వాకిలి వైపు తలుపు తియ్యదు. గిన్నె పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుంటుంది.

అతనికి అరకు బస్టాండు పక్కన ఫొటో స్టూడియో ఉండేది. చేతిచేతికీ ఫోన్లు వచ్చాక గది వదిలేసి సామానంతా ఇంటికి తెచ్చేశాడు. కాఫీ తోట పని చేసుకుంటూనే, చుట్టుపక్కల ఊళ్లలో ముసలీముతకా కోరితే మాత్రం రీలు వేసి ఫొటో తీసి, కాగితం మీద కడిగి ఇచ్చేవాడు. అతనికి మిగిలినవి రెండు కెమెరాలు. రెండూ రష్యావి. విశాఖ డాక్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నాడు. రెండూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఒకదానికి లైట్ మీటరు ఉంది. అదే సూది. ముందువైపు దానికో చిన్న మూత కూడా ఉంది. మూత తీస్తే లోపలి గాజు వెలుతురు చూస్తుంది, సూది లేస్తుంది, ఏ నంబరు పెట్టాలో చెబుతుంది. రెండోదానికి ఇవేమీ లేవు. వెలుతురెంతో తీసేవాడే చూసుకోవాలి.

మిగతా పనంతా రెండింటికీ ఒక్కటే. కెమెరా వెనకున్న చిన్న కిటికీలోంచి చూస్తే మనిషి కనిపిస్తాడు, మధ్యలో పసుపు మచ్చలో అదే మనిషి ఇంకోసారి, కొంచెం పక్కకి జరిగి కనిపిస్తాడు. చక్రం తిప్పుతూ ఆ ఇద్దరినీ ఒక్కణ్ణి చెయ్యాలి. అప్పుడు నొక్కాలి. వాటిని రేంజ్‌ఫైండర్ కెమెరాలంటారని తేజ చెప్పేవాడు.

తేజది వైజాగు, బ్యాంకులో పని. రీలు ఫొటోల మీద మోజుతో సెలవు దొరికితే చాలు ఫల్గుణ దగ్గరికి వచ్చేవాడు. పోయిన ఎండాకాలం ఫల్గుణ అతనితో, రెండిట్లో ఒకటి నీదేరా అబ్బాయి, ఏదన్నది తరవాత చూద్దాం అన్నాడు. ఆ తరవాత అన్నది రానేలేదు. తేజ నోరు తెరిచి అడగలేదు. కృపావతే ఫోన్ చేసింది, చచ్చిపోయిన మనిషి మాట ఇంట్లో ఉంచుకోకూడదని. ఆదివారం వస్తాను, మీరు ఏది ఇస్తే అదే తీసుకుంటాను ఆంటీ అన్నాడు.

అప్పటికి ఆమెకి బెంగేమీ లేదు. సూదిది తను ఉంచుకుంటుంది, రెండోది అతనికి ఇస్తుంది. ఇందులో ఆలోచించడానికేముంది అనుకుంది.

బుధవారం బుద్రి కబురంపింది.

బుద్రి ఫల్గుణకి పెద్దమ్మ, కృపావతికి పెద్దత్త. పై వీధిలో కొడుకు సుక్రు ఇంట్లో ఉంటుంది. ఊళ్లో ఆవిడ కంటే పెద్దవాళ్లు లేరు. పది పదిహేను రోజులుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదు. ఒక కన్ను ముందే పోయింది, రెండోది కూడా పొర కమ్ముతోంది. కృపావతి వెళ్లేసరికి ముసలామె నెగడు పక్కన దుప్పటి కప్పుకుని కూర్చునుంది.

"నా బొమ్మ తీత్తానని ఆడు సెప్పి పోనాడు," అంది. "ఇంక నువ్వు తియ్యి."

సుక్రు తన ఫోన్ చూపించి దీంట్లో తీస్తానంటే ఒప్పుకోలేదని కోడలు సరళ నవ్వింది. బుద్రి నవ్వలేదు.

"పోయిన మీ పెద్దమాఁవ బొమ్మ సుక్రుగాడి పాత పోనులో ఉండీది. పోను గెడ్డ నీళ్లలో పడీసినాది. ఇప్పుడు ఆ మనిసి మొకం నాకు గురుతుకి రాదు. నాకు కాయితం మీద కావాల. ఈ కన్ను ఉండగా సూసుకోవాల."

ఆదివారం తేజ వస్తాడు, అతను తీస్తాడులే అంటే, పైవోళ్లు వొద్దు, మన ఇంటి సెయ్యే తియ్యాల అంది. కృపావతి సరే అనేసింది. అనకుండా ఉండే దారి ఆమెకి దొరకలేదు. ఇంటికి వచ్చి కెమెరాలున్న రేకు పెట్టె ముందు కూర్చుంది. రీలు ఎక్కించడం ఆమెకి వచ్చు. ఫల్గుణకి దగ్గరి చూపు మందగించాక ఆమే ఎక్కించేది. కానీ ఎప్పుడూ నొక్కలేదు. పైగా నొక్కేది ఒక్కసారే.

ఈ ఒక్కసారి సంగతి ఫల్గుణ పెట్టిందే. రీలు దండగవుతుందని, ఇంకోటి తియ్యి బాబూ అని వెంటపడే ముసలాళ్లతో, రెండోసారి నొక్కితే మొదటి బొమ్మ చెరిగిపోద్ది అని ఒకప్పుడు వేళాకోళానికి అన్నాడు. వాళ్లు నమ్మేశారు. అది కాస్తా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కట్టుబాటు అయిపోయింది. ఫొటోకి కూర్చున్నవాళ్లు నొక్కిన చప్పుడు వినగానే లేచి వెళ్లిపోతారు, ఎవరాపినా ఆగరు. అది నిజం కాదని ఇప్పుడు బుద్రికి చెప్పాలంటే, చచ్చిపోయినవాణ్ణి అబద్ధాలకోరుని చెయ్యాలి. కృపావతి నోరు అలాంటి పనికి లేవదు.

మర్నాడు ఎండ బాగా వచ్చింది. కాఫీ గింజలు ఆరబోసి, ఎడమ అరచెయ్యి చాపి సూది కెమెరా పట్టి చూసింది. సూది కొంచెం కదిలి ఆగిపోయింది. మబ్బు రోజు అంతవరకూ లేవడం ఆమె చాలాసార్లు చూసింది. నడినెత్తిన ఎండ ఉంటే ఇంతేనా? చెయ్యి మార్చి చూసింది. గోడ మీద పట్టి చూసింది. తెల్ల బట్ట మీద పట్టి చూసింది. అంతే.

సిగ్నలు దొరికే బండ దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లి తేజకి ఫోన్ చేసి, ఆదివారం పొద్దున బుద్రి ఫొటో తియ్యాలని, కడిగే మందు తెమ్మని, సూది మాత్రం లేవడం లేదని చెప్పింది. అతను ముందు కెమెరా ఎక్కడ పెట్టారని అడిగాడు.

"రేకు పెట్టెలో బాబూ. వాన వెలిసినప్పుడల్లా తీసి ఎండబెడుతున్నాను. బూజు పట్టకుండా."

"మీటరు మూత వేసే కదా ఆంటీ?"

లేదు బాబూ, అంది. మూత తీసే ఎండబెట్టింది. ఆమె ఇంట్లో ఏదైనా అలాగే ఎండుతుంది. అల్లం చీల్చి ఎండబెడతారు, చిక్కుడుకాయ వొలిచి ఎండబెడతారు, మిరియం దులిపి పరుస్తారు. మూసినదాన్ని మూసినట్టే ఎండలో పెడితే పైన ఎండి లోపల కుళ్లుతుందని పుట్టినప్పట్నించీ తెలిసిన సంగతి. ఫల్గుణ ఎప్పుడూ మూత వేసి నీడలో పెట్టేవాడు. అదేదో బద్ధకమనుకుంది. చాప మీద గింజల పక్కన కెమెరా పెట్టి, మూత తెరిచి, గాజు సూర్యుడికి ఎదురుగా ఉండేట్టు తిప్పి మరీ పెట్టింది.

ఆ గాజు వెలుతురు చూసీ చూసీ అలిసిపోతుందని తేజ చెప్పాడు. వెంటనే, అది ఎప్పటిదో ఆంటీ, చెమ్మకే సగం పోయి ఉంటుంది, మీ తప్పేం లేదు అని కూడా అన్నాడు. రెండో మాట ఆమెని ఊరుకోబెట్టడానికి అన్నాడని ఆమెకి తెలిసిపోయింది. సూది ఎంత తక్కువ చూపిస్తోంది, దానికి ఎంత కలుపుకోవాలి అంటే, చూస్తే గానీ చెప్పలేనన్నాడు. మూడు నాలుగు ఫొటోలు తీసెయ్యండి, ఒకటి కాకపోతే ఒకటి వస్తుంది అన్నాడు. ఆమె అలాగేలే బాబూ అంది. ఒక్కసారి సంగతి అతనితో ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆ రెండు రోజులూ ఆమె చేతిలో ఏ పనీ నిలబడలేదు. రెండు కెమెరాలూ పీట మీద పెట్టుకుని ఒకటి తియ్యడం, ఒకటి పెట్టడం. ఉన్నది ఒక్క రీలు. ఒకదాంట్లో ఎక్కిస్తే అయిపోయింది. సూదిది తీసుకుంటే, అది అబద్ధమైనా ఏదో ఒకటి చెబుతుంది. ఎంతో కొంత కలుపుకుని నొక్కొచ్చు. ఎంత కలపాలి? ఎక్కువైతే ముసలామె మొహం తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తుంది. తక్కువైతే మసి. రెండోది తీసుకుంటే అన్నిటికీ తన కళ్లే దిక్కు. ఆ కళ్లకేం తెలుసు? ఫల్గుణ చెప్పింది వినడమే గానీ తనెప్పుడు అంచనా కట్టింది? రీలు అట్టపెట్టె మీద బొమ్మలున్నాయి. సూర్యుడు, సూర్యుడికి పక్కన మబ్బు, ఒట్టి మబ్బు. ఒక్కోదాని కింద ఒక్కో నంబరు. ఆమెకి నంబర్లు చదవడం వచ్చు. అట్టపెట్టె చింపి బొమ్మలున్న ముక్క రవికెలో దోపుకుంది. మధ్యమధ్య తీసి చూసుకునేది. సరళ చూసి, ఏటక్కా కొత్త తాయెత్తా అని ఎకసెక్కమాడింది.

శనివారం సాయంత్రం సూది లేనిదాంట్లోనే రీలు ఎక్కించింది. ధైర్యం వచ్చి కాదు. సూది కళ్లెదురుగా ఉంటే చూడకుండా ఉండలేదు. చూస్తే నమ్ముతుంది. అతను రోజూ నమ్మిన సూది అది. తప్పని తెలిసి కూడా దాని మాటే వింటుంది. ఆ సంగతి తనకి బాగా తెలుసు కాబట్టే దాని మూత వేసి పెట్టెలో పెట్టేసింది. గొళ్లెం వేస్తుంటే ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున లేచి చూస్తే ఎదురిల్లు లేదు. మంచు అలా దిగింది. రవికెలోంచి అట్టముక్క తీసింది. సూర్యుడున్నాడు, మబ్బుంది. మంచు బొమ్మ లేదు. ఆ పెట్టె చేసినవాళ్లు ఎప్పుడూ ఈ కొండలు ఎక్కి ఉండరు.

సుక్రు తల్లిని ఎత్తుకొచ్చి కృపావతి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. తలకి నూనె రాశారు, పెట్టెలో దాచుకున్న చీర కట్టారు, ముక్కున రింగుల్లా ఉన్న మూడు కమ్ములూ తుడిచారు. ఆమె చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కనబడే కన్ను కృపావతి వైపు తిప్పి, గాలి కూడా పీల్చనట్టు కూర్చుంది.

కృపావతి కెమెరా కిటికీలోంచి చూసింది. బూడిదరంగు మంచులో ఇద్దరు బుద్రిలు. చక్రం తిప్పింది. ముక్కు కమ్ములు కమ్ముల మీద కూర్చున్నాయి, ఇద్దరూ ఒక్కరయ్యారు. ఆ పని కుదిరింది. ఇక నంబరు. వేలు నొక్కే చోట ఉంది గానీ కదల్లేదు. కెమెరా దించేసింది.

"బేగి తియ్యి వదినా," అన్నాడు సుక్రు. "అమ్మ ఎంతసేపు కూకోగలదు?"

"మంచు లేవనీ."

"లేవకపోతే?"

లేవకపోతే ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు. ముసలామె ఒళ్లు సన్నగా వణుకుతోంది. సరళ దుప్పటి తెచ్చి కప్పబోతే, బొమ్మలో కంబళి పడతాది, వొద్దు అని తోసేసింది. ఎక్కడో దిగువన రైలు కూత వినబడింది. కృపావతి అరచెయ్యి చాపింది. దాని మీద రెండో చేతి వేళ్లు అడ్డం పెట్టి నీడ కోసం చూసింది. నీడ లేదు. చూస్తూనే ఉంది. చాలాసేపటికి అరచేతిలో గీతల మీద ఏదో మాసినట్టు పడింది. వేళ్లు కదిపితే అదీ కదిలింది. ఎండా కాదు, మబ్బూ కాదు. అట్టముక్క మీద రెండిటికీ నడుమ ఉన్న నంబరు పెట్టింది. అనుమానమొచ్చి ఒక గీత వెనక్కి తిప్పింది. మళ్లీ అనుమానం వచ్చేలోపు నొక్కేసింది.

చప్పుడు విని బుద్రి ఊపిరి వదిలింది.

"అయినాదా?"

"అయింది పెద్దత్తా."

"వచ్చినాదా?"

కృపావతి కెమెరాని కొంగులో చుట్టుకుంది. సుక్రు ఎందుకైనా మంచిది ఇంకోటి తియ్యమన్నాడు. ముసలామె అప్పటికే చెయ్యి చాపి, లేపరా, మొదటిది చెరిపేత్తావేటి అని తిట్టింది.

మధ్యాహ్నం జీపులో తేజ దిగాడు. రీలు కడిగే మందు సీసాలు వెంట తెచ్చాడు. కృపావతి అతనికి మంచినీళ్లయినా ఇవ్వకముందే పెట్టెలోంచి సూది కెమెరా తీసి చేతిలో పెట్టింది. సూది తనే పాడుచేసిందని మళ్లీ చెప్పి, రెండోది తను ఉంచుకుంటానంది. సూది లేకపోయినా ఇది ఫొటో తీస్తుంది ఆంటీ అన్నాడు తేజ. దాన్ని అతని సంచిలో పెడుతుంటే మూత సరిగ్గా పడిందో లేదో ఆమె వేలితో నొక్కి చూసింది.

లోపలి గదికి దుప్పట్లు అడ్డం కట్టి అతను రీలు కడుగుతున్నంతసేపూ ఆమె గుమ్మం బయట నిలబడింది. నీళ్ల చప్పుడు, డబ్బా తిప్పుతున్న చప్పుడు. అది ఆగినప్పుడల్లా ఆమె కూడా ఊపిరి ఆపింది. అతను తడి రీలు పట్టుకుని వచ్చాడు. పొడుగాటి పలచటి పట్టీ, మొత్తం ఖాళీ. ఒక్క కొసన ఒక్క చదరం. ఫల్గుణ ఉంటే ఒక్క మొహానికి రీలు మొత్తం తగలేస్తావా అని గోల చేసేవాడు. తేజ దాన్ని కిటికీకి ఎత్తి పట్టాడు. చదరంలో బుద్రి ఉంది. తెల్ల జుట్టు నల్లగా, నల్లని మొహం తెల్లగా.

"వెలుతురు చాలక కొంచెం పలచగా వచ్చింది ఆంటీ. మొహం ఉంది. కాగితం మీదికి వస్తుందనే అనుకుంటున్నాను. ఆరాక గానీ చెప్పలేను."

ముందుగదిలో తాడుకి ఒక కొస కట్టి, కింద కొసకి క్లిప్పు తగిలించాడు. తడి ఆరేవరకూ గాలి తగలనివ్వొద్దని, దుమ్ము లేస్తే వచ్చి ఆ మొహం మీదే అతుక్కుంటుందని, అతుక్కుంటే ఇక పోదని చెప్పి, బుద్రిని చూడ్డానికి సుక్రుతో వెళ్లాడు.

కృపావతి తలుపులు మూసింది. పొయ్యి వెలిగించలేదు. గోడవార కూర్చుని ఆ చదరం వైపే చూస్తోంది. నేల మీద పొద్దున్నించీ తొక్కిన మట్టి అడుగులు, రాలిన కాఫీ పొట్టు, జీపు దుమ్ముతో వచ్చిన తేజ చెప్పుల గుర్తులు అలాగే ఉన్నాయి.

పొద్దు వాలుతుంటే సరళ వచ్చి తలుపు సందులోంచి తొంగి చూసింది.

"దీపాలెట్టే వేళయినాదక్కా. ఇల్లు ఊడ్సలేదేటి? ఇటివ్వు, నాను ఊడ్సేత్తాను."

కృపావతి లేచి, మూలనున్న చీపురు సరళ చేతికి అందేలోపే తీసుకుని, బయట చూరులో దోపేసింది.

"ఇయ్యాలకి ఉండనీ," అని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి, గుమ్మం బయట కూర్చుంది.