మిగతా వాక్యం

జావా అన్న మాట పలకగలిగిన ప్రతివాడికీ వీసా వస్తున్న రోజులవి. నాకూ వచ్చింది. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారు చివరి క్లాసులో నన్ను చూసి నిట్టూర్చారు. "నీ ఇంగ్లీషు ఎక్కడిదక్కడే ఆగిపోయిందయ్యా. పొడుగాటి వాక్యాలు మాట్లాడు, అదే కదులుతుంది."

సింగపూర్‌లో మొదటి రోజు మధ్యాహ్నం, పాయా లేబర్‌లో మా ఆఫీసు పక్కన తిండి దుకాణాలన్నీ ఒకచోటుండే హాకర్ సెంటర్‌లో, నూడుల్స్ అమ్మే చైనీస్ ఆంటీ మీద ఆ విద్య ప్రయోగించాను.

"ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్, వుడ్ ఇట్ బి పాసిబుల్ ఫర్ యూ టు కైండ్లీ ప్రిపేర్ ఇట్ వితౌట్ ఎగ్?"

"క్యాన్," అంది.

మిగతా వాక్యం వస్తుందేమోనని అలాగే నిలబడ్డాను. రాలేదు. వెనక క్యూ పెరిగింది.

"క్యాన్ లా! యూ లాయర్ ఆ?" అని అక్కడి ఊతపదం 'లా'తో సహా కసిరింది.

ఒక్క మాటతో దేశమంతా నడుస్తుంటే నాకెందుకీ ఆయాసం? ఇంటి ఓనర్‌ని కుళాయి బాగుచేయిస్తావా అంటే క్యాన్. బాస్‌ని సెలవడిగితే క్యానాట్. ఏడాది తిరక్కుండానే నా ఇంగ్లీషు గడగడా సాగిపోయింది.

ఆ ధీమాతోనే లండన్ ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూకి కూర్చున్నాను.

"కుడ్ యూ టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్?" అన్నాడు దొర.

"క్యాన్," అన్నాను.

పాపం, మిగతా వాక్యం కోసం ఆయన చాలాసేపు లైన్లోనే ఉన్నాడు.