ట్రాక్టరు సీలు, పిండిమర బెల్టు

మా మామయ్య పొద్దున లేవగానే నోట్లో బ్రష్షుతో వీధి గడప మీద గోడవైపు తిరిగి కూర్చుంటాడు. రోడ్డు మీద పోయే బండ్లను చూడడు, వింటాడు. "దీనికి దగ్గు పట్టుకుంది," అంటాడు నురగ మధ్యలోంచి. "వీడు ఆయిలు మార్చి ఏడాది దాటింది." వంటింట్లోంచి అత్తయ్య, "ముందు ఆ నోరు కడుక్కోండి. తర్వాత ఊళ్లో బండ్లన్నిటికీ వైద్యం చేద్దురుగాని," అని కేకేస్తుంది.

మామయ్య కారు మెకానిక్. ఒకే వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు పనిచేశాడు. షాపు ఆయనది కాదు, బోర్డు మీద పేరు ఆయనది కాదు. కానీ అన్నేళ్లూ ఒక కారు మాత్రం ఆయన చేతుల్లోనే బతికింది. అది ప్లీడరు గారి కారు. వాళ్ల నాన్నగారి కాలంలో కొన్నది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏదైనా అరిగిపోయినప్పుడల్లా ప్లీడరు గారిది ఒకటే మాట: "అసలు సామాను విదేశం నుంచి తెప్పించడం నా వల్ల కాదు. ఏదో ఒకటి పెట్టి నడిపించవయ్యా."

మామయ్య ఏదో ఒకటి పెట్టే మనిషి కాదు. అరిగిన ముక్కను జేబులో వేసుకుని రెండేసి రోజులు స్పేరు పార్టుల వీధంతా తిరిగేవాడు. ఏ బండిదైనా సరే, దాని కొలతకు దగ్గరగా ఉన్నది దొరికేదాకా షాపువాళ్ల ప్రాణాలు తోడేసేవాడు. ట్రాక్టరు వాటర్ పంపులో నీళ్లు కారకుండా ఆపే సీలును ఒకవైపు అర మిల్లీమీటరు ఆకురాయితో అరగదీస్తే ఈ కారుకు సరిగ్గా కూర్చుంటుందని కనిపెట్టింది ఆయనే. ఫ్యాను బెల్టు పిండిమరది. బ్రేకు రబ్బర్లు సరుకుల వ్యానువి. కారు మాత్రం ఎన్నడూ దారిలో ఆగలేదు.

నిరుడు ఆ కారును పాత కార్లు సేకరించే విదేశీయుడొకాయన కొన్నాడు. ఓడలో పంపాలి. దారిలో కావలసిన సరుకూ, ఏడాదికి సరిపడా స్పేర్లూ కొని పెట్టెలో సర్దే పని ప్లీడరు గారు మామయ్యకు అప్పగించారు.

"కారుతోపాటు ఒక పుస్తకం వెళుతుంది. దాన్ని ఎవరు వాడారు, ఎవరు బాగుచేశారు, అన్నీ అందులో ఉంటాయి. నీ పేరు కూడా రాయిస్తాను," అన్నారు.

ఆ సాయంత్రం మామయ్య అన్నం మధ్యలో రెండుసార్లు ఆగి ఆ మాట చెప్పాడు. "పెళ్లి శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూడలేదే."

"అందులోనూ తప్పే పడింది," అంది అత్తయ్య.

కొనడానికి నన్ను తోడు రమ్మన్నాడు. ప్రతి వస్తువు మీదా చీటీ అంటించాలట, ఇంగ్లీషులో రాయాలట. "సాహిత్యం చదువుతున్నావు కదా అమ్మలూ, ఈ నాలుగు ముక్కలు రాయలేవా?"

బేరింగుల షాపాయన్ను మామయ్య బావా అంటాడు, చుట్టరికమేమీ లేదు. ఆయన బెల్టును కౌంటరు మీద పడేసి కళ్లెగరేశాడు. "ఇది పిండిమరదయ్యా. నీ కారు ఓడెక్కి వెళ్లి అక్కడ పిండి ఆడుతుందా ఏం?"

"ఆడమంటే ఆడుతుంది. నీలాగ గల్లాపెట్టె ముందు కునుకు తీయదు."

"అవునవును, నువ్వు వెనక సీట్లో కూర్చుని వెళ్లు. జాగ్రత్తగా దింపుతారు."

మామయ్య గట్టిగా నవ్వాడు. సీళ్లు ఆరు, బ్రేకు రబ్బర్లు రెండు జతలు, గొట్టాలు, క్లిప్పులు, గ్రీజు, బ్రేకు ఆయిలు, తేమ పీల్చే పొట్లాలు, కప్పడానికి టార్పాలిన్ కొన్నాం. రంగుల షాపులో మీగడ రంగు కలపడానికి గంటన్నర పట్టింది. మామయ్య జేబులోంచి కారు మీద ఊడిన పాత రంగు పెచ్చు తీసి, "పసుపు ఎక్కువైంది, ఇంకాస్త తెలుపు," అంటూ షాపతన్ని ఏడిపించాడు.

ఇంటికొచ్చి చాప మీద అన్నీ పరిచి ఆయన చెబుతుంటే నేను రాశాను. వాటర్ పంపు సీలు, ట్రాక్టరుది, ఒకవైపు అర మిల్లీమీటరు అరగదీయాలి. ఫ్యాను బెల్టు, పిండిమరది, ఈ కొలతదే అడగాలి. మూడో చీటీ దగ్గర నా కలం ఆగింది.

"మామయ్యా, ఏ బండిదో రాయడం అవసరమా?"

"రాయకపోతే ఎలా? అక్కడివాడికి సీలు పోయిందనుకో, ఏం కొనుక్కుంటాడు? బండి చేతులు మారితే దాని గుట్టు చెప్పి అప్పగించాలి. మా పనిలో అది మర్యాద."

నేను రాశాను.

వారం తర్వాత విదేశీ కొనుగోలుదారు తరఫు ఏజెంటు వచ్చాడు. ప్లీడరు గారి పోర్టికోలో కారు కడిగి ఉంది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పెట్టె పక్కన నిలబడ్డాడు. చీటీల గురించి ఏమైనా అడుగుతారేమోనని నన్నూ రమ్మన్నాడు. ఏజెంటు నవ్వుతూ పెట్టె తెరిచి చీటీలు ఒక్కొక్కటే చదివాడు. నాలుగోదానికి నవ్వు పోయింది.

"ఇవన్నీ కారులో ఉన్నాయా?"

"ఉన్నాయండీ. చాలాకాలంగా నడుస్తున్నాయి," అన్నాడు మామయ్య. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"కారంతా ఒరిజినల్ సామానే అని కాగితం మీద రాసిచ్చారు. మరి ఒరిజినల్‌వి ఏమయ్యాయి?"

ఆ ప్రశ్న ప్లీడరు గారిని అడిగాడు. ప్లీడరు గారు మామయ్య వైపు చూశారు. ఒక్క క్షణమే. తర్వాత ఏజెంటు వైపు తిరిగి, "నాకేం తెలుసండీ? నమ్మి తాళాలిచ్చాను. ఏం తీశాడో, ఏం పెట్టాడో," అన్నారు.

"అయ్యా, అవి అరిగి ముక్కలైపోయాయి కదా. మీరే కదా..." అన్నాడు మామయ్య.

"నేనేం చెప్పానయ్యా? ట్రాక్టరు సామాను బిగించమన్నానా?"

నేను స్తంభం పక్కనే ఉన్నాను. ఏదో ఒకటి పెట్టమన్నది మీరే అని నేనైనా అనొచ్చు. వర్క్‌షాపుకు మామయ్య క్యారేజీ తీసుకెళ్లినప్పుడు ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. అనలేదు.

ఒప్పందం చెడలేదు. అసలు సామాను ఏజెంటే తెప్పించి, వేరే మనుషులతో బిగించి కారును ఓడెక్కించాడు. మామయ్య పెట్టిన ముక్కలన్నీ విప్పి గోనెసంచిలో పోసి వర్క్‌షాపుకు పంపారు. దానికి ముందే మామయ్య అసలు సామాను కాజేశాడన్న మాట అక్కడికి చేరింది. ఓనరు, "నీ మీద నాకు అనుమానం లేదు. కానీ కారు వదిలి వెళ్లేవాడికి ఉంటుంది కదా," అని ఆ నెలాఖరుకు మానుకోమన్నాడు.

స్పేరు పార్టుల వీధిలో బేరింగుల బావ, "ఒరిజినల్ సామాను ఎంతకు అమ్ముకున్నావు బావా? మాకు చెప్పకుండా!" అన్నాడట. పాపం, వేళాకోళానికే అన్నాడు. మామయ్య మళ్లీ ఆ వీధికి వెళ్లలేదు.

కారుతో వెళ్లిన పుస్తకం నకలు ప్లీడరు గారి గుమస్తా దగ్గర నేను చూశాను. మామయ్య పని మొత్తం ఒక పేజీలో ఉంది. పైన "సరిదిద్దిన లోపాలు" అని, కింద పదిహేడు వరుసలు. చేసినవారు అన్నచోట "స్థానిక మెకానిక్" అని ఉంది.

"నా పేరుందా?" అని అడిగాడు మామయ్య.

"లేదు మామయ్యా."

"పోనీలే. మళ్లీ తప్పే వేసేవాళ్లు," అన్నాడు.

ఇప్పుడు మామయ్య బైపాసు పక్కన పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా టైర్లకు గాలి కొడతాడు.